శుక్రవారం ఎర

ఆఫీసులో అతన్ని అందరూ క్లుప్తం అనేవాళ్లు. ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది ఆ పేరు. టీవీలో సీరియల్ మొదలయ్యే ముందు "ఇంతవరకు జరిగిన కథ" అని ఒక గొంతు వినబడుతుంది చూడండి, ఆ వెంటనే పాత ఎపిసోడ్ల ముక్కలు గబగబా వచ్చి పోతాయి. ఆ ముక్కలు కోసి అతికించడమే అతని ఉద్యోగం. గంట కథని నలభై సెకన్లకి కుదించీ కుదించీ, మనిషి మాట కూడా అలాగే తయారైంది. ఎలా ఉన్నారంటే "ఉన్నాం" అంటాడు. "మా ఆయనతో పోట్లాడదామన్నా కుదరదండీ, రెండో మాటకే అయిపోతుంది" అని అతని భార్య పక్కింటావిడ దగ్గర వాపోయేది.

ఆ పని నిజానికి చూసినంత తేలిక కాదు. ఎప్పుడో మొదటి సీజన్‌లో మాయమైన మనిషి ఈ రోజు తిరిగి వస్తాడనుకోండి. జరిగిన కథలో అతన్ని ఒక్క క్షణం చూపిస్తే చాలు, తెలివైన ప్రేక్షకులు "ఓహో, వీడొస్తున్నాడన్నమాట" అని పసిగట్టేస్తారు. పోనీ చూపించకపోతే, అతను వచ్చాక "వీడెవడు?" అని పక్కవాణ్ని అడుగుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి మధ్య సన్నటి గట్టు మీద నడవడం మన క్లుప్తానికి బాగా వచ్చు. వరండా చివర, విరిగిన కుర్చీలు పడేసే గది పక్కన, కిటికీ లేని చిన్న గదిలో కూర్చుని ఆ పని చేసేవాడు. ఏసీ ఎప్పుడూ ఒకే చలి మీద ఇరుక్కుపోయి ఉండేది. కుర్చీకి ఒక స్వెటర్ ఏడాది పొడుగునా వేలాడుతూ ఉండేది.

అతనికి ఒక అక్క ఉంది. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లో ఉంటుంది. అతనికన్నా బాగా పెద్దది. వాళ్లమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట షిఫ్టుల మీద పనిచేసేది కాబట్టి, కన్నది అమ్మే అయినా పెంచింది అక్క. ఆమె చంక దిగాకే అతను నేల మీద నడిచాడు. రోడ్డు దాటడం, చెప్పులు కుడి ఎడమలు గుర్తుపట్టడం, హోంవర్కు చెయ్యని రోజు టీచరుకి ఏం చెప్పాలో, అన్నీ ఆమే నేర్పింది. పెళ్లయ్యాక ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని కర్టెన్లు కుట్టేది. హోటళ్లవాళ్లు, క్లినిక్కులవాళ్లు తానుల కొద్దీ బట్ట తెచ్చి ఆమె ముందుగదిలో పడేసి పోయేవాళ్లు. బావగారు బస్సు డిపోలో టైమ్ కీపరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఇంటికి ఎవరు ఆలస్యంగా వచ్చినా గోడ గడియారం వైపు ఒకసారి చూస్తాడు.

అక్కాతమ్ముళ్లకి ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ ఫోన్ చేసుకుంటే మాత్రం మాట పెగిలేది కాదు. బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను. ఆ తర్వాత ఇద్దరూ అవతలివాళ్ల ఊపిరి వింటూ కాసేపు. "సరే మరి, ఉంటాను." కుండ నిండా నీళ్లున్నాయి, ముంచుకోవడానికి చెంబు లేదు.

ఆ చెంబు దొరికింది పడవ సీరియల్‌తో. ఏటికి అటూ ఇటూ పడవ నడిపే ఒక కుటుంబం. ఇంటిపెద్ద ఒకనాడు నడిఏట్లో, నిండా జనం ఉన్న పడవ మీంచి మాయమైపోతాడు. దూకాడా, ఎవరైనా తోశారా, అసలు ఉన్నాడా పోయాడా? ఆ ఒక్క ప్రశ్న మీద మూడు సీజన్లు లాక్కొచ్చారు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక ఎపిసోడ్ వచ్చేది. సీజన్ అయిపోతే ఏడాది ఎదురుచూడాలి. రెండో వారం తెర మీద చివరి పేర్లు ఎక్కుతుండగానే క్లుప్తం మామూలుగా బాగున్నావా అనడానికి ఫోన్ చేశాడు. అక్క బాగున్నానని కూడా అనలేదు.

"ఒరేయ్, వంటమనిషి చేతికి కట్టు ఎందుకు చూపించావు జరిగిన కథలో?"

"ఊరికేనక్కా."

"నువ్వు ఊరికే ఏదీ చూపించవు. తోసింది వంటమనిషే."

తోసింది వంటమనిషి కాదు. ఆ కట్టుకి ఏ అర్థమూ లేదు. వెలుతురు బాగుందని పెట్టాడంతే. కానీ అక్క అంత పట్టుదలగా వాదిస్తుంటే అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఒక కొంటె ఆలోచన కూడా వచ్చింది. అప్పట్నుంచి ప్రతి వారం నలభై సెకన్లలో ఒక ముక్క అక్క కోసం పెట్టేవాడు. ఒక బూటు, ఒక తాళంచెవి, ఎవరో తలుపు సందులోంచి చూడటం. దానికి వాళ్లిద్దరూ పెట్టుకున్న పేరు ఎర. కొన్ని ఎరలు ఉత్తవి, కొన్ని అసలైనవి. ఏది ఏదో కనిపెట్టడం ఆమె వంతు, నోరు విప్పకపోవడం అతని వంతు. కట్టుకున్న భార్యకి కూడా కథ బయటపెట్టనని అతను కంపెనీకి సంతకం చేసి ఇచ్చాడు. భార్యకి ఎలాగూ ఆ సీరియల్ పట్టదు గానీ, అక్క దగ్గర నోరు కట్టుకోవడానికి మాత్రం అతను నానా అవస్థ పడ్డాడు.

"చచ్చానా బతికానా అన్నట్టు చూస్తున్నాన్రా. కనీసం ఆయన ఉన్నాడా లేడా అదొక్కటి చెప్పు."

"చెప్పను."

"నిన్ను ఎత్తుకుని పెంచినందుకు నా నడుం పోయింది."

"చూపించుకో."

సరిగ్గా ఈ "చూపించుకో" గురించే చెప్పాలి. అసలు సంగతులన్నీ సీరియల్ మాటల సందుల్లోంచే వచ్చేవి. పడవవాడి రెండో కొడుకుని ఎడాపెడా తిట్టాక, "అన్నట్టు మోకాలు ముడుచుకోవట్లేదురా" అనేది ఆమె. అతను "చూపించుకో" అనేవాడు. అప్పుడు గానీ ఆమె ఇంట్లో చెప్పేది కాదు. భర్తకి చెబితే కంగారు పడతాడు, కూతురికి చెబితే కోప్పడుతుంది. ముందు తమ్ముడికి చెప్పాలి, వాడు ఆ ఒక్క మాట అనాలి, అప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలి. మోకాలూ అంతే, రక్తపోటూ అంతే. ఒక్క మాట మనిషే అయినా ఆ ఒక్క మాటకీ అక్కడ విలువ ఉండేది.

నాలుగోది, ఆఖరి సీజన్. ఎడిటింగ్ సగంలో ఉండగా విడుదలలు చూసే మేనేజరు అతని గదికి వచ్చాడు. అంతకుముందు ఆ గది ఎక్కడుందో కూడా తెలియని మనిషి.

"ఈసారి వారానికొకటి కాదండీ. మొత్తం సీజన్ ఒకేసారి వదిలేస్తున్నాం. జనం ఇప్పుడు కూర్చున్న చోటే అంతా చూసేస్తున్నారు."

"మరి జరిగిన కథ?"

"పది నిమిషాల క్రితం చూసింది ఎవరు మర్చిపోతారు చెప్పండి. తెర మూల మీద 'దాటవేయి' అని బటన్ పెడుతున్నాం. ఒప్పందంలో ఉంది కాబట్టి ఏదో ఒకటి చేసి పడేయండి, పెద్దగా కష్టపడకండి."

మేనేజరు చెడ్డవాడేం కాదు, ఉన్నమాటే అన్నాడు. ఉన్నమాటంటేనే కదా ఉలుకు. క్లుప్తం స్వెటర్ తొడుక్కుని చాలాసేపు తెర ముందు ఊరికే కూర్చున్నాడు. వినేవాడే లేని పాటకి తాళమెందుకు అనుకున్నాడు. ఆఫీసులో కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, ఎపిసోడ్‌లో ఎక్కడ అరుపులెక్కువుంటే అక్కడ కోసి తనే అతికించేస్తుంది. సీజన్ మొత్తం జరిగిన కథలు దానికి అప్పజెప్పేశాడు. వచ్చినవి వెనక్కి తిప్పి చూడను కూడా లేదు. అలిగాడన్నమాట. ఎవరి మీద అలిగాడో అతనికే తెలియదు. సాయంత్రానికి పనైపోయింది, ఎప్పుడూ లేనంత త్వరగా ఇంటికి వెళ్లాడు.

శుక్రవారం పొద్దున సీజన్ విడుదలైంది. సాయంత్రం అక్కకి ఫోన్ చేశాడు. మొదటి ఎపిసోడ్ బాగుందిరా అంది, కాసేపు మాట్లాడుకున్నారు. అందరిలాగే ఆమె కూడా ఆదివారానికల్లా మొత్తం చూసేస్తుందనుకున్నాడు. సోమవారం ఆఫీసు లిఫ్టులో కూడా ఆఖరి ఎపిసోడ్ గురించే గోల. బస్సులో, క్షౌరశాలలో, కూరల కొట్టు దగ్గర, ఎక్కడ విన్నా పడవాయన ఏమయ్యాడో బాహాటంగా చెప్పుకుంటున్నారు. ఇన్నేళ్లు కడుపులో దాచుకున్న రహస్యం ఒక్క వారంలో చిత్తుకాగితమైపోయింది.

మరుసటి శుక్రవారం ఫోన్ చెయ్యాలని అతనికి తోచనే లేదు. కొత్త ఎపిసోడ్ లేదు కదా. అక్కే చేసింది.

"ఏరా, మర్చిపోయావా?"

వెనక మిషను చప్పుడు సన్నగా వినబడుతోంది. అతను ఆ పూట ఎందుకో హుషారుగా ఉన్నాడు. ఇక దాచనక్కర్లేదన్న తేలికదనం కూడా ఉంది. జీవితంలో మొట్టమొదటిసారి ఆమెకి సందివ్వకుండా అతనే మాట్లాడాడు, అదీ గుక్క తిప్పుకోకుండా.

"అంతా చూసేసి ఉంటావుగా. పడవాయన ఎక్కడికీ పోలేదు, అవతలి ఒడ్డునే పేరు మార్చుకుని టికెట్లు చింపుతున్నాడని తేలినప్పుడు నీ మొహం చూడాలనిపించిందక్కా. ఇన్నేళ్లూ ఎంత కష్టపడి నోరు మూసుకున్నానో నీకేం తెలుసు."

మిషను చప్పుడు ఆగింది.

"ఆఁ," అంది అక్క. కాసేపటికి, "అవున్రా. అసలు అనుకోలేదు."

"ఎలా ఉంది మరి?"

"బాగుందిరా."

ఇంకా ఏదో అంటుందని చూశాడు. అనలేదు. ముగింపు నచ్చలేదేమో అనుకున్నాడు. "సరే మరి, ఉంటాను" అన్నాడు. "ఉంటానురా" అంది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తన నోరు జారిందని తెలిసినవాడైతే నాలిక్కరుచుకునేవాడు. అతనికి ఆ సంగతే తెలియలేదు.

ఆ తర్వాతి శుక్రవారం ఫోన్ చేతిలోకి తీసుకుని, ఏం మాట్లాడాలో తోచక మళ్లీ పెట్టేశాడు. వారాలు నెలలయ్యాయి. ఎప్పుడో ఒకసారి చేసినా బాగున్నావా, బాగున్నాను, అంతే. జరిగిన కథలు చేసే పని కూడా ఆఫీసులో లేకుండా పోయింది. అతన్ని ప్రకటనలు కత్తిరించే చోట వేశారు. వేరే గది, కిటికీ ఉంది.

ఏడాది తర్వాత మేనకోడలు ఫోన్ చేసింది.

"మావయ్యా, ఒక్క రెండు రోజులు రాగలవా? అమ్మని మళ్లీ కళ్లాసుపత్రికి తీసుకెళ్లాలి. నాకు సెలవు దొరకలేదు. నాన్న ఒక్కడి వల్ల కాదు."

"కళ్లాసుపత్రి దేనికి?"

"నీకు తెలీదా? అమ్మ ఏదైనా ముందు నీకే చెప్తుంది కదా" అంది.

తెల్లారి రైలు దిగి మెట్లెక్కి వెళ్లేసరికి ముందుగది ఖాళీగా ఉంది. తానుల గుట్టలు లేవు. మిషను మీద ఒక కర్టెన్ ముక్క కప్పి ఉంది. అక్క అతని వైపు కాకుండా అతని భుజం పక్కన గోడ వైపు చూస్తూ నవ్వింది.

"నిన్ను చూడాలంటే పక్కకి చూడాల్రా ఇప్పుడు. సరిగ్గా చూస్తే మధ్యలో మసక. మీ బావగారి మొహం కనబడి ఏడాదైంది, అదొక సుఖం."

బావగారు నవ్వలేదు. గడియారం చూసి, ఆసుపత్రికి వేళైందన్నాడు.

ఆసుపత్రిలో ఈసారి చూసిన కొత్త డాక్టరమ్మ ఇది ఎప్పుడు మొదలైందని అడిగింది. "పోయినేడు. సూదిలోకి దారం ఎక్కించబోతే రంధ్రం కనబడలేదు, మొదట్లో ఒక కంటికే" అంది అక్క. అప్పుడే వచ్చి ఉంటే కొంత నిలబెట్టేవాళ్లం, ఇప్పుడు ఉన్నది పోకుండా చూడటమే అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. క్లుప్తం నేల చూశాడు. పోయినేడు ఎప్పుడో అడుగుదామనుకున్నాడు, ధైర్యం చాలలేదు.

ఆ రోజు శుక్రవారమే. సాయంత్రం బావగారు టీ పెట్టి టీవీ వేశాడు. సగంలో వదిలేసినవి చూపించే వరసలో మొట్టమొదటే పడవ బొమ్మ కనబడింది. దాని కింద ఎర్ర గీత, ఎంత వరకు చూశారో చెప్పేది, మొదట్లోనే ఆగిపోయి ఉంది.

"అక్కా, ఇది చూడలేదా నువ్వు?"

"ఎక్కడ చూసిందయ్యా," అన్నాడు బావగారు. "లోకమంతా ఒక్క రోజులో మింగేస్తే, మీ అక్క వారానికి ఒక్కటే అని కూర్చుంది. శుక్రవారం సాయంత్రమైతే గానీ ముట్టుకోనిచ్చేది కాదు. ముందే చూసేస్తే తమ్ముడితో ఏం మాట్లాడతాను అనేది. ఇంటికెవరైనా వస్తే, కథ చెప్పేస్తారేమోనని వంటింట్లోకి పారిపోయేది. రెండోదాంతో ఆపేసింది. ఎందుకంటే చెప్పదు."

"మీరూరుకోండి" అంది అక్క.

క్లుప్తం చేతిలో కప్పు కింద పెట్టాడు. చెవుల్లో ఆ రోజు ఆగిపోయిన మిషను చప్పుడు మోగింది. "మరి చూశానన్నావు కదక్కా ఆవేళ."

"నువ్వెప్పుడైనా అంత మాట్లాడావురా? అంత సంబరంగా చెప్తుంటే, చూడలేదని ఎలా అంటాను. బాధపడవూ?"

ఏడాది ఆలస్యంగా బాధపడుతున్నాడు మన క్లుప్తం, వడ్డీతో సహా. కానీ అక్క అక్కడితో ఆగలేదు. అతన్ని ఓదార్చడానికే కాబోలు, ఇంకో మాట అంది.

"నిజానికి నేనావేళ సీరియల్ కోసం చెయ్యలేదురా. నీ గురించే భయమేసి చేశాను. రెండో ఎపిసోడ్ ముందు జరిగిన కథ వచ్చింది కదా, ఎర ఎక్కడా కనబడలేదు. నా కన్నే సరిగా లేదేమోనని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. అన్నీ అరుపులే. ఇది వాడు చేసింది కాదు, వాణ్ని ఉద్యోగంలోంచి తీసేశారు, నాకు చెప్పలేక లోలోపల కుమిలిపోతున్నాడు అనుకున్నాను. అది అడిగి, కంటి సంగతి కూడా చెప్దామనుకున్నాను. నువ్వు ఉంటానన్నావు."

బావగారు టీవీ చప్పుడు తగ్గించాడు. అవునక్కా, అది నేను చెయ్యలేదు, తీసేశారు అంటే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా. కానీ ఇంత జరిగాక అబద్ధం నోటికి రాలేదు.

"నన్నెవరూ తియ్యలేదక్కా. నా పనే అది. నేనే ఆఫీసు కంప్యూటర్‌కి వదిలేశాను. ఎలాగూ బటన్ పెట్టారు, ఇంక ఎవరు చూస్తారులే అని."

"నేను చూస్తాను కదరా" అంది అక్క.

దెప్పిపొడుపు కాదది. అతనికి తెలియని సంగతేదో చెబుతున్నట్టు మామూలుగా అంది. ఆ మాటకి అతను తలెత్తలేకపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు చూద్దామక్కా, మిగతావన్నీ, వారానికొకటే, నేను ప్రతి శుక్రవారం చేస్తాను అని గబగబా ఏదేదో అన్నాడు. ఆమె నవ్వి, "ఆయన ఎక్కడున్నాడో తెలిసిపోయాక ఇంకేం ఎర వేస్తావురా నాకు" అంది. అయినా అతని మాట తీసెయ్యలేక సరే పెట్టమంది. మంచం మీంచి జరిగి అతని పక్కన కూర్చుంది. తెర కనబడేలా మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

మూడో ఎపిసోడ్ మొదలైంది. "ఇంతవరకు జరిగిన కథ" అంది ఆ గొంతు. వెంటనే అరుపులు వచ్చిపడ్డాయి. ఒకదానికొకటి పొంతన లేని మొహాలు, వెనకా ముందూ లేకుండా నరికిన మాటలు. అతను ఆ ముక్కల్ని చూడటం ఇదే మొదటిసారి. తెర మూల మీద చిన్న బటన్ వెలిగింది. అక్క అటు చూడకుండానే, పక్కనున్న అతని చేతిని తడిమి వెతుక్కుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టే ఆ చెయ్యి పట్టుకుని, దానిలో రిమోట్ పెట్టింది.

"దాటెయ్యరా అది" అంది.

అతను నొక్కాడు.